రిమ్ము మీది గీతలు

బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో కారు మీద గీత పడితే తీయడానికి సోమరాజు తర్వాతే ఎవరైనా. ఈ మాట సోమరాజు తన గురించి తాను చెప్పుకున్నది కాదు, గ్యారేజీల వరుసలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరినడిగినా చెబుతారు. సొట్టలు ఎవరైనా తీస్తారు, రంగు ఎవరైనా కొడతారు. కొట్టిన రంగు పాత రంగులో కలిసిపోయి, దెబ్బ ఎక్కడ తగిలిందో కారు యజమాని కూడా మర్చిపోయేలా చెయ్యడం మాత్రం ముమ్మిడివరం సోమరాజుకే చెల్లింది. ఇరవై రెండేళ్లుగా అదే పని. పని పూర్తయ్యాక పల్చటి నూలుగుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కారు ఒళ్లంతా తడుముతాడు. గుడ్డ కింద వెంట్రుకంత గరుకు తగిలినా మళ్లీ మొదటి నుంచి మొదలెడతాడు.

పనితనం ఎంతో కోపమూ అంతే. తన గ్రైండరు, తన పాలిషింగు మెషీను, గీతలు రుద్దే తన వాటర్ పేపర్ల పెట్టె ఇంకొకరు ముట్టుకోకూడదు. పక్క గ్యారేజీ వెంకన్న ఒకసారి అడక్కుండా గ్రైండరు పట్టుకెళ్లాడని నెల రోజులు వాడితో మాట్లాడలేదు. "నా సామాన్ మీద చెయ్యేసినోడు నా కంచంలో చెయ్యెట్టినట్టే" అనేవాడు. ఇక మంచి వస్తువు మీద గీత కనిపించిందా, అన్నం ముందు కూర్చుని కూడా గీసినవాణ్ని తిట్టేవాడు. పనిమంతుడన్నాక ఆ మాత్రం కోపం ఉండాల్సిందేనని అతని నమ్మకం. నమ్మనిద్దురూ! ఆ కోపం ఎవరి నోళ్లు మూయించిందో తెలిసేసరికి మేనల్లుడి మోకాలు మూడు ముక్కలైంది.

మేనల్లుడి పేరు మణికుమార్. సోమరాజు చెల్లెలు వీరవేణికి ఒక్కగానొక్క కొడుకు. వీరవేణి మొగుడు పోయాక అన్న వెనకే బహ్రెయిన్ వచ్చి, అరాద్‌లో ఒక ఇంట్లో తొమ్మిదేళ్లుగా పని చేస్తోంది. కుర్రాడి ఐటీఐ అవ్వగానే వీసా తీయించి రప్పించింది సోమరాజే.

"అన్నయ్యా, ఆణ్ణి నీ చేతుల్లో పెడతన్నాను" అంది వీరవేణి, కొడుకు దిగిన రోజున.

"నా చేతుల్లోకొచ్చిన వస్తువేదన్నా పాడవడం చూశావేటే?" అన్నాడు సోమరాజు.

మణి ఏసీ డక్టులు చేసే కంపెనీలో చేరాడు. రేకు కొలవడం, కత్తిరించడం, మడవడం. మామయ్య చేతులకు మించిన చేతులు. అతను కొలిచి కత్తిరించిన రేకుకి మళ్లీ టేపు పెట్టక్కర్లేదని ఫోర్‌మన్ అనేవాడు. ఆ సైటులోనే ఒక ఐరిష్ ఇంజనీరు ఉండేవాడు. మధ్యాహ్నం భోజనాల వేళ మణి ఎవరిదో పాత సైకిలు తీసుకుని వెనక చక్రం మీద నిలబెట్టి, సామాన్లు పేర్చే చెక్క ప్యాలెట్ మీదికి గెంతించడం ఆయన కంట పడింది. ఇంకేముంది, మర్నాడు తన బండి తెచ్చి చూపించాడు.

ఆ బండికి సీటు లేదు. అది కూర్చుని ఊరేగే సైకిలు కాదు. ట్రయల్స్ బండి అంటారు. నిలబడి, బ్రేకులు బిగబట్టి, చక్రాల మీద గెంతుకుంటూ రాళ్లు, దిమ్మలు, డ్రమ్ములు ఎక్కాలి, దిగాలి. కాలు నేలకి ఆనిందంటే ఓడినట్టే. దేశం వదిలి వెళ్లేటప్పుడు ఆ ఇంజనీరు బండిని మణికే ఇచ్చేశాడు.

"సీటు లేని సైకిలేంట్రా నాయనా, తీసుకునేటప్పుడు చూసుకోవద్దా!" అంది వీరవేణి మొదటిసారి చూసి. "ఆ దొర సీటు దాచుకుని మిగతాది నీకంటగట్టాడు."

మణి పడీ పడీ నవ్వాడు. మూడేళ్లు ఆ బండే లోకంగా తిరిగాడు. ఎక్కీ ఎక్కీ, దూకీ దూకీ చివరికి పెడళ్ల దగ్గర ఫ్రేము పగిలింది. సంగతి తెలిసి ఆ ఇంజనీరు, రెండు వేల ఏడు ఫిబ్రవరిలో, ఇటు వస్తున్న మనిషి చేత కొత్త ఫ్రేము పంపించాడు. అల్యూమినియంది, ఒంటిచేత్తో ఎత్తితే గాలిలా తేలిపోతోంది. మణి దాన్ని ఒళ్లో పెట్టుకుని కంపెనీ బస్సులో కూర్చున్న తీరు చూసినవాళ్లు, ఎవరి బిడ్డనో తెస్తున్నాడనుకున్నారు.

ఆ ఫ్రేము బిగింపు సోమరాజు గ్యారేజీలో ఒక మూలనే సాగింది. శుక్రవారం శుక్రవారం మణి వచ్చేవాడు. పాత బండి చక్రాలు, బ్రేకులు, హ్యాండిలు విప్పి ఒక్కొక్కటే కొత్త ఫ్రేముకి ఎక్కించాడు. ఈ ఫ్రేములో పెడళ్లు కొంచెం ఎత్తు, చక్రాల మధ్య దూరం కొంచెం ఎక్కువ. హ్యాండిలు పాత చోటే బిగిస్తే మనిషి వెనక్కి తూలిపోతున్నాడు. మణి హ్యాండిలుని అంగుళంలో పావు వంతు ముందుకి తిప్పుతాడు, ఎక్కుతాడు, రెండు గెంతులు గెంతుతాడు, దిగుతాడు, మళ్లీ తిప్పుతాడు. సోమరాజు కారుకి రంగు కొడుతూనే ఓరకంట చూసేవాడు.

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది వెనక బ్రేకుకి. ట్రయల్స్‌లో ప్రాణమంతా వెనక బ్రేకులోనే ఉంటుంది. బండిని వెనక చక్రం మీద నిలబెట్టినప్పుడు ఆ చక్రం నూలుపోగంత కూడా జరగకూడదు. రిమ్ముకి రెండు వైపులా ఉన్న రబ్బర్లు ఒకే క్షణంలో, ఒకే బలంతో, నిండా ఆనాలి. మణి సిగరెట్ కాగితం రెండు ముక్కలు చేసి, ఇటొకటి అటొకటి రబ్బరు కింద పెట్టి, బ్రేకు నొక్కి, కాగితాలు లాగేవాడు. రెండూ ఒకేలా చిరగాలి. ఒకటి జారి వచ్చిందంటే మళ్లీ విప్పడమే.

"ఒరేయ్, అది సైకిలా, పెళ్లికూతురా?" అన్నాడు సోమరాజు ఒక శుక్రవారం.

"నువ్వు కారుని గుడ్డేసి తడమట్లేదా మావయ్యా? ఇదీ అంతే."

ఆ మాటకి సోమరాజు కడుపు నిండిపోయింది. పైకి మాత్రం, "సర్లే, పోటుగాడివి. ముందు అన్నం తిను" అన్నాడు.

మూడో శుక్రవారం రెండు కాగితాలూ ఒకేలా చిరిగాయి. మణి బండి ఎక్కి గ్యారేజీ ముందు పడేసిన పాత టైర్ల మీదికి గెంతాడు, అక్కణ్నించి సిమెంటు దిమ్మ మీదికి. బ్రేకు ప్రతిసారీ కీచుమని అరిచింది, బండి ఎక్కడ ఆపితే అక్కడ మేకు కొట్టినట్టు నిలబడింది. దిమ్మ అంచున వెనక చక్రం మీద నిలబడి మణి మామయ్య వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు సోమరాజుకి ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది, ఉండి చంపుతుంది.

ఆ మరుసటి శుక్రవారం మణి ఉండే లేబర్ క్యాంపు పెరట్లో కుర్రాళ్లంతా కలిసి చిన్న వేడుక పెట్టుకున్నారు. మణి కొత్త బండి మీద, పేర్చిన ఎనిమిది ప్యాలెట్ల మీదుగా, వాటి పక్కన నిలిపిన, కేబుల్ చుట్టే పెద్ద డ్రమ్ము ఎక్కి దిగుతాడని చెప్పుకున్నారు. ఆ వారమంతా మణికి ఓవర్‌టైం. బండి గ్యారేజీలోనే, దుప్పటి కింద ఉంది.

గురువారం మధ్యాహ్నం చేతిలో కారు లేదు. సోమరాజు దుప్పటి తీసి చూశాడు. కొత్త ఫ్రేము తళతళలాడుతోంది. వంగి వెనక చక్రం చూశాడు, ఒళ్లు మండింది. రిమ్ముకి రెండు వైపులా, రబ్బర్లు ఆనే పట్టీ మీద, ఎలక కొరికినట్టు గీతలు! చక్రం చుట్టూ, వందలు. చేత్తో తడిమితే ఆకురాయిలా గరగరలాడింది.

"ఏ ఎదవ చేశాడ్రా ఇది!" అని ఒక్కడే ఉండి కేక పెట్టాడు. క్యాంపులో సైకిలు బయట పెట్టుకుంటారు కదా, గోడలకీ గ్రిల్లులకీ రాసుకుని ఇలా తయారైందనుకున్నాడు. నలుగురి ముందు తన మేనల్లుడు ఈ చక్రంతో ఎక్కడమా! మణికి ఖాళీ ఉండి ఉంటే తనే బాగు చేసుకునేవాడు, పాపం ఓవర్‌టైంలో చస్తున్నాడు, నేనున్నది ఎందుకు, అనుకున్నాడు.

మూడు గంటలు కూర్చున్నాడు. చక్రం ఊడదీసి, ముందు ముతక పేపరు, తర్వాత సన్నం, ఆఖరికి రెండు వేల నంబరు, నీళ్లు చిలకరించుకుంటూ. దాని మీద పాలిష్ కాంపౌండు. దాని మీద మెషీను. చిట్టచివర, మంచి కార్లకి మాత్రమే తీసే మైనం డబ్బా తెరిచి, మెత్తటి గుడ్డతో రెండు చుట్లు రుద్దాడు. రిమ్ములో అతని మీసం కనిపించింది. నూలుగుడ్డ ఆనించి కళ్లు మూసుకుని తడిమాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. ముందు చక్రం కూడా చేద్దామనుకునేలోపు గ్యారేజీకి కారొచ్చింది. వెనక చక్రం ఎక్కించి దుప్పటి కప్పేశాడు. వాడే చూసుకుని, "ఎవరు చేశారు మావయ్యా" అని అడగాలని, ఆ మాట వాడి నోటి నుంచి వినాలని, ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం మణి ఓవర్‌టైం బస్సు దిగి నేరుగా పెరట్లోకి వచ్చాడు. జనం అప్పటికే ఈలలు వేస్తున్నారు. బండిని పికప్‌లో తెచ్చింది సోమరాజే. మణి చక్రాల వైపు చూడకుండానే ఎక్కి, బ్రేకు రెండుసార్లు నొక్కి చూశాడు. అతనితో పాటు ఆ బండి తొక్కే స్నేహితుడు ఖుర్రం పక్కనే ఉన్నాడు. నిజామాబాద్ కుర్రాడు, కిరాణా సరుకుల వ్యాను నడుపుతాడు.

"పట్టు కొంచెం తగ్గిందేంటి భాయ్?" అన్నాడు మణి. "వారం నుంచి కదల్లేదు కదా. తొక్కితే వత్తాదిలే."

"యల్లా, కానియ్ భాయ్, అందరు చూస్తున్నరు!" అన్నాడు ఖుర్రం.

మణి ప్యాలెట్లు ఎక్కాడు. ఎక్కడం ముందు చక్రం ఊతంతో ఎక్కేశాడు. డ్రమ్ము మీదికి గెంతాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే సోమరాజు ముందు వరసలో నిలబడి, రిమ్ము ఎండకి ఎలా మెరుస్తోందో చూస్తున్నాడు. మణి దిగడం కోసం వెనక చక్రం మీద బండిని నిలబెట్టి అంచు వైపు తిప్పాడు. బ్రేకు అరవలేదు. చక్రం మెత్తగా, చప్పుడు లేకుండా, కిందనుంచి జారిపోయింది. మణి వెనక్కి పడ్డాడు. ఒక కాలు ప్యాలెట్ల సందులో ఇరుక్కుంది, మనిషి మాత్రం ఆగలేదు.

ఆసుపత్రి నడవాలో ఖుర్రం గోడకి ఆనుకుని తల కొట్టుకున్నాడు. "సమజ్ అయితలేదు చాచా. గట్ల ఎట్ల జారింది? రిమ్ముకు గ్రైండరు పట్టి గీతలు కొట్టుకున్నం గదా. గీతలుంటేనే గదా రబ్బరు కరిచి పట్టేది. మణి ఒక్కొక్క గీత లెక్కవెట్టి కొట్టిండు."

సోమరాజు అతని భుజం పట్టుకున్నాడు. "ఎవరి గ్రైండరు?" అన్నాడు. ఆ వేళ అడగాల్సిన ప్రశ్నేనా అది! కానీ నోట్లోంచి అదే వచ్చింది.

ఖుర్రం తల వంచుకున్నాడు. "నీదే చాచా. నువ్వు బయటికి పోయినప్పుడు తీసినం. గుస్సా అయితవని చెప్పలే."

ఆ రాత్రంతా సోమరాజు నడవాలో బల్ల మీదే కూర్చున్నాడు. తెల్లారి చెబుదామనుకున్నాడు. తెల్లారేసరికి వీరవేణి వచ్చి అన్న భుజం మీద పడి ఏడుస్తోంది. ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకున్నాడు. అయ్యాక, కుట్లు విప్పాక అనుకున్నాడు. చెప్పబోయిన ప్రతిసారీ మందుల సంగతేదో అడిగి లేచిపోయేవాడు. బండిని ఎవరూ పరీక్షగా చూడలేదు, అది మళ్లీ దుప్పటి కిందికే వెళ్లింది. రోజూ డ్యూటీ అవ్వగానే క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం, మేనల్లుడి కాళ్లు ఒత్తడం, తిరిగి రావడం. అందరూ మేనమామంటే ఇలా ఉండాలన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా చచ్చిపోతే బాగుండుననిపించేది.

మోకాల్లో ప్లేట్లు వేశారు. నడుస్తాడు గానీ గొంతుక్కూచోలేడు, నిచ్చెనలెక్కలేడు అన్నారు డాక్టర్లు. కంపెనీ వీసా రద్దు చేసింది. ఖలాస్. మే నెల మూడో శనివారానికి టికెట్ వచ్చింది.

అయినా సోమరాజు ఒక ఆశ పెట్టుకున్నాడు. రావులపాలెంలో అతని చిన్ననాటి స్నేహితుడు మంగరాజుకి మోటారు సైకిళ్ల మెకానిక్ షాపుంది. బల్ల ముందు స్టూలు మీద కూర్చుని చేసే పని, కాలితో అవసరం లేదు. ఫోన్ చేస్తే, "మణిగాణ్ణి పంపించు, ఆడి చేతులు నాకు తెలుసు" అన్నాడు మంగరాజు.

మణి వద్దన్నాడు. క్యాంపు మంచం మీద, చాచిన కాలుని చూసుకుంటూ, నిదానంగా చెప్పాడు.

"నేను బిగించలేను మావయ్యా. ఆ బ్రేకు మూడు వారాలు బిగించాను. కాగితం పెట్టి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాను. ఎక్కడ తప్పు చేశానో ఇప్పటికీ తెలవట్లేదు. తెలిత్తే సరిదిద్దుకుందును. తెలవకుండా నేను బిగించిన బండి మీద రేపొకడు పిల్లల్నెక్కించుకుని పోతాడు. నాకొద్దు. సోడా బండి పెట్టుకుంటాను."

"మంచి చేతులు నాయనా అయ్యి..." అని వీరవేణి ఏడ్చింది.

"మంచి చేతులైతే నేనెందుకు పడతానమ్మా?" అన్నాడు మణి.

సోమరాజు లేచి బయటికి వచ్చేశాడు. కాలు పోయిందంటే ఓర్చుకున్నాడు. చేతులు కూడా పోయాయని కుర్రాడు అనుకుంటున్నాడు, ఆ చేతులు తీసేసింది తను. పనివాడికి తన చెయ్యి మీద నమ్మకం పోతే ఏమవుతుందో సోమరాజుకి ఒకరు చెప్పాలా?

చెప్పలేకపోయాడు గానీ, ఇంకో పని మీద పడింది బుర్ర. మణి బండిని ఖుర్రంకి ఇచ్చేస్తానన్నాడు. శుక్రవారం, తను వెళ్లే ముందు రోజు, ఖుర్రం దాన్ని ఒకసారి తొక్కి చూపించాలి. ఆ మాట వినగానే సోమరాజుకి డ్రమ్ము అంచు గుర్తొచ్చింది. ఆ రిమ్ముతో ఖుర్రం ఎక్కితే ఇంకో మోకాలు.

గురువారం దుప్పటి తీశాడు. వెనక చక్రం ఊడదీశాడు. బ్రేకు రబ్బర్ల బోల్టులు మాత్రం ముట్టుకోలేదు. అది మణి బిగింపు, అలాగే ఉండాలి. తిన్నర్‌తో మైనమంతా కడిగి, రబ్బర్ల మొహాలు తుడిచాడు. ముందు చక్రానికి మణి గీతలు అలాగే ఉన్నాయి. వాటిని చూసుకుంటూ, గ్రైండరు ఆన్ చేసి, రిమ్ముకి ఆనించాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ చేతులు గీత పెట్టాయి. ప్రతి గీతకీ కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

చుట్టంతా అయ్యాక మనసు తేలికపడింది. ఇంక ఎవరికీ ప్రమాదం లేదు, ఇంక ఎవరికీ తెలియక్కర్లేదు, అనుకున్నాడు. మనిషి బుద్ధి చూడండి, పీకల దాకా మునిగినవాడు కూడా చొక్కా తడవకుండా బయటపడాలనే చూస్తాడు.

శుక్రవారం క్యాంపు పెరట్లో మణి ప్లాస్టిక్ కుర్చీలో కాలు చాచుకుని కూర్చున్నాడు. పక్కన ఊతకర్రలు. వీరవేణి ఆ పూటకి సెలవడిగి, చేపల పులుసు వండి తెచ్చింది. ఆ సైకిలుని చూడలేక మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఖుర్రం బండి ఎక్కి, బిస్మిల్లా అనుకుని, రెండు ప్యాలెట్ల మీదికి గెంతాడు. వెనక బ్రేకు కీచుమని అరిచింది. బండి మేకు కొట్టినట్టు నిలబడింది.

మణి కుర్చీలో నిటారుగా అయ్యాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఖుర్రం నాలుగు ప్యాలెట్లు ఎక్కాడు, అంచు మీద వెనక చక్రం నిలబెట్టాడు, తిప్పాడు, దిగాడు. ప్రతిసారీ అదే అరుపు, అదే పట్టు.

సోమరాజు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు మేనల్లుడి వైపు చూశాడు.

మణి నవ్వుతున్నాడు. ఏడుపు కంటే చూడలేని నవ్వు. "బ్రేకు బాగా సెట్ చేశావు భాయ్" అన్నాడు.

"నేనెక్కడ చేసిన? చాచా కాడికెల్లి సీదా తెచ్చిన. నువ్వు బిగించిందే గదా" అన్నాడు ఖుర్రం.

"పోనీలే. నా మనసు కష్టపెట్టకూడదని అంటన్నావు."

"అల్లా కసం మణి భాయ్! పానా సుత ముట్టలే నేను."

మణి నమ్మలేదు. నమ్మలేదని మొహమే చెబుతోంది. "చూశావా మావయ్యా" అన్నాడు మెల్లిగా. "బండిలో ఏ లోపం లేదు. ఇంకో చెయ్యి పడగానే ఎలా పట్టుకుందో చూడు. తప్పు నా చేతిదే. ఎక్కడో చిన్న అనుమానం ఉండేది, ఫ్రేములో ఏదన్నా తేడా ఉందేమోనని. అదీ పోయింది." రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరికీ కనపడకుండా.

సోమరాజు అక్కడే నిలబడి ఉన్నాడు. తను దొంగచాటుగా చేసిన బాగు, ఆ కుర్రాడికి మిగిలిన ఆ కాస్త అనుమానాన్ని కూడా తీసేసింది. ఇప్పుడు నోరు తెరవకపోతే ఈ చేతులు రేపు విమానమెక్కి వెళ్లిపోతాయి, సోడాలు కొట్టుకుంటూ ముసలివైపోతాయి. చెల్లెలు వింటోంది. విననీ.

"నేనే మణీ" అన్నాడు.

"ఏంటి మావయ్యా?"

"నీ గీతలు తీసేసింది నేనేరా. ఆ గురువారం. ఏ ఎదవో గీరేశాడనుకున్నాను. పేపరు పట్టాను, కాంపౌండు ఏశాను, మైనం కూడా రాశాను. నువ్వు చూసి సంబరపడతావనుకున్నాను." వెనక చక్రం వైపు చెయ్యి చూపించాడు. "నిన్న మళ్లీ గీతలు పెట్టాను. ఖుర్రం పడతాడేమోనని. రబ్బర్లు ముట్టుకోలేదు. నువ్వెట్టా బిగించావో అట్టాగే ఉన్నాయి. అప్పుడూ అట్టాగే ఉన్నాయి."

వీరవేణి చేతిలో గిన్నె మూత అలాగే ఉండిపోయింది.

మణి ఖుర్రం వైపు తిరిగాడు. "బండి ఇలా తీసుకురా భాయ్" అన్నాడు. ఖుర్రం తెచ్చి పక్కన నిలబెట్టాడు. మణి తొడల కింద నుంచి కుడి చెయ్యి తీసి, వంగి, ముందు రిమ్ము మీద బొటనవేలు నడిపించాడు. తర్వాత వెనక రిమ్ము మీద. మళ్లీ ముందు, మళ్లీ వెనక.

"ఇది నా గీత కాదు" అన్నాడు. "ఇంత వరసగా నేను కొట్టను. గీతలు కూడా కొలిచి పెట్టావా మావయ్యా..."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. పడ్డ రోజు ఏడవనివాడు, ఆపరేషన్ నాడు ఏడవనివాడు, కుర్చీలో వంగిపోయి భోరుమన్నాడు. "అమ్మా, విన్నావా? నేను సరిగ్గానే బిగించాను. అమ్మా, నేను సరిగ్గానే బిగించానే..." ఆ రెండు ముక్కలే, మళ్లీ మళ్లీ. వీరవేణి కొడుకు తల పొట్టకి అదుముకుంది. అన్న వైపు చూడలేదు.

మామయ్యని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు విమానాశ్రయంలో మణిని చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. వెళ్లే ముందు అతను మామయ్య చెయ్యి పట్టుకుని, "మంగరాజు మావయ్యకి ఫోన్ చెయ్యి, వత్తన్నానని చెప్పు" అన్నాడు. అంతే. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ అనలేదు. చెయ్యి మాత్రం కాసేపు వదల్లేదు. తలుపులు మూసుకున్నాయి.

అన్నా చెల్లెలూ బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డారు. నిన్నటి నుంచి వీరవేణి అతనితో మాట్లాడలేదు. ఎండ మండిపోతోంది. సోమరాజుకి ఇంక ఓపిక లేకపోయింది.

"తిట్టవే" అన్నాడు. "నీ కొడుకుని నా చేతుల్లో పెట్టావు. ఈ చేతుల్తోనే చేశాను. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి. ఇలా ఉండకు."

వీరవేణి కొంగుతో మొహం తుడుచుకుంది. ఎటో చూస్తూ చెప్పింది.

"నిన్నేమని తిట్టను అన్నయ్యా? నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆడు గీతలు పెట్టాడని నాకు తెలుసు. పెట్టిన రోజే ఫోన్ చేసి చెప్పాడు. మావయ్య గ్రైండరు తీశానమ్మా, గీతలు పెడితేనే బ్రేకు పట్టుద్ది, ఆయనకి మాత్రం చెప్పకు, అరుత్తాడు అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం కూడాను. మా అన్నయ్య సంగతి నాకు తెలీదా, చెబుతానేంట్రా అన్నాను." కొంగు చివర వేళ్లకి చుట్టుకుంది. "నీకు చెప్పలేదు. నీ కోపానికి భయపడి నేనే చెప్పలేదు."

అరాద్ బస్సు వచ్చింది. వీరవేణి ఎక్కలేదు. సల్మాబాద్ వైపు వెళ్లేది కూడా వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరూ అక్కడే, ఆ ఎండలోనే నిలబడి ఉన్నారు.